చెట్టుకి గుండె ఉందా? పాత ఎపిసోడ్‌లో నేను చెప్పిన తప్పు

ఇవాళ్టి ఎపిసోడ్‌ని ఒక క్షమాపణతో మొదలుపెడుతున్నాను.

కొన్ని నెలల కిందట మనం జగదీశ్ చంద్ర బోస్ గారి మీద ఒక ఎపిసోడ్ చేసుకున్నాం, గుర్తుందా? అందులో నేను చాలా ధీమాగా ఒక మాట అన్నాను. చెట్టుకి కూడా గుండె లాంటిది ఉందని, అది కొట్టుకోవడం వల్లే వేళ్ల నుంచి చిటారు కొమ్మ దాకా నీళ్లు ఎక్కుతాయని, ఈ సంగతి మన భారతీయ శాస్త్రవేత్త వందేళ్ల కిందటే నిరూపించారని. ఆ క్లిప్ బాగా షేర్ అయింది. వాట్సాప్ స్టేటస్‌లలో కూడా కనిపించింది. నిజం చెప్పాలంటే నాకూ గర్వంగానే అనిపించింది.

తర్వాత ఒకరోజు మా అక్క వాళ్లింటికి వెళ్లాను. మా కోడలు పదో తరగతి. స్కూల్ ప్రాజెక్ట్ అని నీలం ఇంకు కలిపిన నీళ్ల గ్లాసులో తెల్ల చామంతి పెట్టింది. రేకుల మీద సన్నటి నీలం గీతలు వచ్చేశాయి. నన్ను చూసి అడిగింది: "మామయ్యా, నువ్వు వీడియోలో గుండె అన్నావు కదా. ఈ పువ్వుకి వేళ్లే లేవు, తెంపి రెండ్రోజులైంది. దీనికి ఇంకా గుండె కొట్టుకుంటోందా?"

నేను ఏదో సర్దిచెప్పాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. చదవడం మొదలుపెట్టాక తెలిసింది, ఇది మూడు వందల ఏళ్లుగా నడిచిన కథ అని. ఆ కథలో బోస్ గారిది ఒక అధ్యాయం మాత్రమే. ఇవాళ ఆ కథ మొత్తం చెప్పుకుందాం.

ముందు గుండె అనే పోలిక ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 1628లో ఇంగ్లండ్‌లో విలియం హార్వే అనే డాక్టరు, మనిషి ఒంట్లో రక్తం గుండె నుంచి బయల్దేరి మళ్లీ గుండెకే చేరుతుందని చూపించాడు. దాంతో చాలామందికి సహజంగానే ఒక డౌట్ వచ్చింది. మనలో రక్తం తిరుగుతున్నట్టే చెట్టులో రసం కూడా తిరుగుతుందా?

దీన్ని కొలిచి చూసిన మనిషి స్టీఫెన్ హేల్స్. ఈయన డాక్టరు కాదు, ప్రొఫెసరూ కాదు. లండన్ దగ్గర టెడింగ్టన్ అనే ఊళ్లో చర్చి ఫాదర్. కానీ దేన్ని చూసినా కొలవకుండా ఉండలేడు. గుర్రం రక్తనాళానికి పొడుగాటి గాజు గొట్టం తగిలించి, రక్తం ఎంత ఎత్తుకి చిమ్ముతుందో కొలిచాడు. ఎనిమిది అడుగులు దాటి లేచింది. రక్తపోటుని కొలిచిన మొదటి మనిషి ఈయనే. ఇవాళ మన ఇళ్లల్లో ఉండే బీపీ మెషీన్‌కి ఒకరకంగా ముత్తాత అన్నమాట.

అదే పని చెట్లకీ చేశాడు. 1724 వేసవిలో కుండీలో మూడున్నర అడుగుల పొద్దుతిరుగుడు మొక్క పెట్టుకున్నాడు. మట్టిలోంచి నీళ్లు ఆవిరి కాకుండా కుండీ పైన సీసపు రేకు బిగించాడు. రోజూ పొద్దున, సాయంత్రం తూచాడు. పగటిపూట పన్నెండు గంటల్లో సగటున 20 ఔన్సులు, అంటే అర కేజీ పైన బరువు తగ్గుతోంది. ఆ నీళ్లన్నీ ఎటు పోయాయి? ఆకుల్లోంచి గాల్లోకి. శరీర పరిమాణం ప్రకారం లెక్కేస్తే మనిషి కంటే పొద్దుతిరుగుడుకి పదిహేడు రెట్లు ఎక్కువ చెమట పడుతోందని తేల్చాడు. ఇదంతా 1727లో పుస్తకంగా వేశాడు.

ఆయన ఇంకో ప్రయోగం కూడా చేశాడు. వసంతకాలంలో, ఇంకా ఆకులు రాకముందు, ద్రాక్ష తీగ మొద్దుని కోసి దానికి గొట్టం పెట్టాడు. రసం 20 అడుగులు దాటి పైకొచ్చింది. అంటే వేళ్లు కింద నుంచి తోస్తున్నాయి. చూశారా, గుండె దొరికింది అనిపిస్తుంది కదా? కానీ ఆకులు నిండుగా వచ్చాక చూస్తే ఆ తోపు కనిపించలేదు. నీళ్లు ఎక్కువగా ఖర్చయ్యే కాలంలోనే కింద నుంచి తోపు లేదు! అందుకే హేల్స్ రెండు మాటలు చెప్పాడు. ఒకటి, చెట్టులో రసం రక్తంలా గుండ్రంగా తిరగదు. రెండు, నీళ్లని పైకి రప్పించే అసలు పని ఆకులది.

సరే, ఆకు ఎలా లాగుతుంది? ఇక్కడ పెద్ద చిక్కుంది. బావి మీద మోటారు పెట్టుకున్న రైతు ఎవర్నడిగినా చెప్తారు, పైన పెట్టిన మోటారు పాతిక, ముప్పై అడుగుల లోతు దాటితే నీళ్లు లాగలేదని. నిజానికి ఆ మోటారు నీళ్లని లాగదు. పైపులో గాలి తీసేస్తుంది, బయటున్న గాలి పీడనం నీళ్లని పైకి నెడుతుంది. ఆ నెట్టుడుకి గరిష్ఠ హద్దు సుమారు 10 మీటర్లు. అందుకే లోతు బోరులో మోటారునే నీళ్లలోకి దింపుతాం, అది కింద నుంచి తోస్తుంది. మరి చెట్టు? తాటిచెట్టు 10 మీటర్లు సులువుగా దాటుతుంది. అమెరికాలో కాలిఫోర్నియా రెడ్‌వుడ్ చెట్లు 115 మీటర్లు. కింద మోటారు లేదు. పైన గాలి సాయం చాలదు.

అందుకే పంతొమ్మిదో శతాబ్దంలో చాలామంది అనుకున్నారు, కాండంలో ఉన్న బతికున్న కణాలే అంచెలంచెలుగా నీళ్లని పైకి అందిస్తున్నాయేమో అని. మన ఇళ్లు కట్టేటప్పుడు ఇటుకలు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందించినట్టు.

ఈ ఐడియాని పరీక్షించింది జర్మనీలో ఎడ్వర్డ్ స్ట్రాస్‌బర్గర్. 1890ల మొదట్లో ఈయన చేసిన పని వింటే ఒళ్లు జలదరిస్తుంది. 20 మీటర్లు దాటిన ఓక్ చెట్టుని మొదట్లో కోయించి, ఆ కోసిన మొదలుని విషం తొట్టిలో నిలబెట్టించాడు. పిక్రిక్ ఆమ్లం. అది తాకిన కణం ఏదైనా చావాల్సిందే. లెక్క ప్రకారం, నీళ్లని ఎక్కించేది బతికున్న కణాలైతే, విషం కొంచెం ఎక్కగానే ఆ కణాలు చచ్చిపోయి పని ఆగిపోవాలి. ఆగలేదు. విషం చిటారు దాకా పోయింది. మూడ్రోజుల తర్వాత రంగు కలిపితే, చచ్చిన కాండంలోంచి ఆ రంగు కూడా పైకెక్కింది. ఆకులు బతికున్నంత కాలం ఎక్కడం సాగింది.

మా కోడలి చామంతి ప్రయోగం ఇదే కదా! ఆవిడ దగ్గర విషం లేదు, అంతే తేడా.

నీళ్లు నడిచే ఆ గొట్టాల్ని మన పాఠ్యపుస్తకంలో దారువు అంటారు. ఆ గొట్టం తయారయ్యేది బతికున్న కణంతోనే. కానీ నీళ్లు మోసే పనిలోకి దిగేటప్పటికి ఆ కణం చచ్చిపోయి, లోపల ఖాళీ అయి, గోడలు మాత్రం మిగులుతాయి. చనిపోవడమే దాని ఉద్యోగానికి అర్హత.

ఇక 1894. ఐర్లండ్‌లో డబ్లిన్. స్ట్రాస్‌బర్గర్ దగ్గర చదువుకుని వచ్చిన హెన్రీ డిక్సన్, ఆయన స్నేహితుడు జాన్ జోలీ కలిసి ఒక మాట అన్నారు. నీళ్ల అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. సన్నటి గొట్టంలో, మధ్యలో గాలి బుడగ లేకపోతే, నీటి స్తంభం ఒక తాడులా ప్రవర్తిస్తుంది. పై నుంచి లాగితే మొత్తం కదులుతుంది. లాగేది ఎవరు? ఎండ. ఆకులోంచి నీరు ఆవిరైన కొద్దీ, ఆకు కణాల తడి గోడలు వెనక నుంచి ఇంకాస్త నీటిని లాక్కుంటాయి. ఆ లాగుడు తాడు పొడవునా వేరు దాకా వెళ్తుంది. చెట్టు తన సొంత శక్తి పెట్టక్కర్లేదు.

చాలామంది నమ్మలేదు. "నీళ్లతో తాడు పేనడమా?" అన్నట్టు చూశారు. గాజు గొట్టాల్లో నీటిని సీల్ చేసి, అది తెగకుండా ఎంత లాగుడు తట్టుకుంటుందో వాళ్లు చూపించారు. అయినా గాజు గొట్టం వేరు, చెట్టు వేరు కదా అన్నారు.

ఇక్కడ కథలోకి మన బోస్ గారు వస్తారు. అప్పటికే ఆయన పెద్ద పేరు. 1895లోనే కలకత్తాలో రేడియో తరంగాలు చూపించిన మనిషి. ప్రెసిడెన్సీ కాలేజీలో తెల్లవాళ్ల కంటే తక్కువ జీతం ఇస్తుంటే, మూడేళ్లు జీతమే తీసుకోకుండా పాఠాలు చెప్పిన మనిషి. 1917లో సొంతంగా బోస్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. 1920లో లండన్ రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. మొక్కల్లో జరిగే అతి చిన్న కదలికల్ని పెద్దగా చేసి చూపించే క్రెస్కోగ్రాఫ్ తయారుచేశారు.

1923లో ఆయన రసం ఎక్కడం గురించే ఒక పుస్తకం రాశారు. కాండంలోకి సన్నటి విద్యుత్ సూది దింపి, లోపలి వరసలో ఒకచోట కణాలు లయగా స్పందిస్తున్నాయని గుర్తించారు. ఆ కణాలే ముడుచుకుంటూ, సాగుతూ నీటిని పైకి పంపుతున్నాయని, విషం ఇస్తే ఆ పని ఆగుతుందని రాశారు. అంటే చెట్టంతా పరుచుకున్న గుండె.

నేను పాత ఎపిసోడ్‌లో చెప్పింది ఇంతవరకే. తర్వాత ఏమైందో చెప్పలేదు. ఎందుకంటే నేను అక్కడితో చదవడం ఆపేశాను.

తర్వాత ఏమైందంటే, ఆ కణాల లయకీ, రసం ఎక్కడానికీ మిగతా పరిశోధకులకి సంబంధం దొరకలేదు. స్ట్రాస్‌బర్గర్ విషపు చెట్టుకి ఈ సిద్ధాంతం జవాబివ్వలేకపోయింది. ఇక తేల్చాల్సింది ఒకటే. చెట్టు లోపల నీరు నిజంగా తాడులా బిగుసుకుని ఉందా?

అది 1965లో బాగా తేలింది. పెర్ షోలాండర్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం. పద్ధతి చాలా సింపుల్. రెమ్మని కోయగానే, బిగుసుకున్న నీరు లోపలికి వెనక్కి పోతుంది, లాగి వదిలిన రబ్బరు బ్యాండ్‌లా. ఆ రెమ్మని ఉక్కు డబ్బాలో పెట్టి, కోసిన కొస బయటికి ఉంచి, లోపల గ్యాస్ పీడనం పెంచుతారు. నీరు మళ్లీ కోసిన చోటికి ఎప్పుడొస్తుందో, అప్పుడున్న పీడనమే చెట్టు లోపలి లాగుడు. మరి చాలా ఎత్తైన చెట్టు పై రెమ్మ ఎలా దొరుకుతుంది? రైఫిల్‌తో కాల్చి పడేయించారు! పైకి వెళ్లే కొద్దీ లాగుడు పెరుగుతోందని లెక్క తేలింది. ఉప్పునీళ్లలో బతికే మడ చెట్లలో ఆ లాగుడు 30 అట్మాస్ఫియర్లు దాటి ఉంది. మన కాకినాడ దగ్గర కోరింగలో చూస్తామే, ఆ రకం చెట్లు. సముద్రపు నీటి నుంచి మంచినీటిని గుంజుకోవాలంటే అంత లాగుడు కావాల్సిందే.

ఇంకో సంగతి. తాడు అన్నాక తెగుతుంది కూడా. ఎండ ఎక్కువై, మట్టిలో తడి తగ్గితే లాగుడు హద్దు దాటి, గొట్టంలో గాలి బుడగ పుడుతుంది. అప్పుడు టక్‌మని చిన్న అదురు వస్తుంది. 1966లో ఈ అదుర్లని మొదటిసారి పట్టింది ఏ మొక్కలోనో తెలుసా? ఆముదం. మన తెలంగాణ మెట్ట చేలల్లో వేసే ఆముదమే. 2023లో ఇజ్రాయెల్ పరిశోధకులు, నీళ్లు లేని టమాటా, పొగాకు మొక్కలు మన చెవికి అందని టక్ టక్ శబ్దాలు చేస్తున్నాయని రికార్డు చేశారు. "మొక్కలు ఏడుస్తున్నాయి" అని ఫార్వర్డ్‌లు వచ్చాయి కదా, అదే. అవి కూడా ఎక్కువగా ఈ బుడగల వల్లే అయ్యుండొచ్చని వాళ్లే అన్నారు. అంటే చెట్టుకి చెవి ఆనిస్తే దొరికేది గుండె చప్పుడు కాదు. దాహంతో తాడు తెగిన చప్పుడు.

మరి తాడు తెగకుండా చెట్టు ఏం చేస్తుంది? కిటికీలు మూసుకుంటుంది. ఆకు అడుగున పత్రరంధ్రాలు ఉంటాయి. ఒక్కోదానికి రెండు రక్షక కణాలు, రెండు తలుపు రెక్కల్లా. అవి నీటితో ఉబ్బితే రంధ్రం తెరుచుకుంటుంది, సడలితే మూసుకుంటుంది. తెరిస్తే కార్బన్ డయాక్సైడ్ లోపలికి వస్తుంది, చక్కెర తయారవుతుంది. కానీ అదే దారిలో నీరు బయటికి పోతుంది. మూస్తే నీరు మిగులుతుంది, తిండి ఆగుతుంది. వేళ్లు తాగిన నీళ్లలో నూటికి 95 పాళ్లకి పైగా ఇలా గాల్లో కలిసేదే. తడి తగ్గితే అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ ఆకులో పెరిగి తలుపులు మూయిస్తుంది. కరువులో పంట చచ్చిపోకపోయినా దిగుబడి తగ్గేది ఇందుకే. కిటికీ మూసుకుని ఆకలితో ఉంటుంది.

కొన్ని మొక్కలు తెలివిగా రాత్రిపూట కిటికీ తెరుస్తాయి. దీని తొలి ఆనవాళ్లలో ఒకటి రాసిపెట్టిన బెంజమిన్ హైన్, మన సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోట చూసుకున్న మనిషి. ఆయన 1813లో ఒక ఉత్తరంలో రాశాడు, రణపాల ఆకు పొద్దున్నే పుల్లగా ఉంటుంది, మధ్యాహ్నానికి ఆ పులుపు పోతుందని. ఎందుకో ఆయనకి తెలీదు. తర్వాత తెలిసింది. రాత్రి చల్లదనంలో గాలిని తీసుకుని ఆమ్లంగా దాచుకుని, పగలు తలుపు మూసుకుని దాన్ని వాడుకుంటుంది. మీరు నమిలి చూడక్కర్లేదు, హైన్ గారు మన తరఫున చూసేశారు.

ఇప్పుడు మిగిలింది చక్కెర. ఇది ఆకులో తయారై కిందికీ, కాయలకీ, వేళ్లకీ పోవాలి. దీని దారి వేరు, బెరడు లోపలి పోషక కణజాలం. 1670లలో ఇటలీలో మాల్పిగీ కాండం చుట్టూ ఉంగరంలా బెరడు తీసేసి చూస్తే, గాటుకి పైభాగం ఉబ్బింది. పై నుంచి వస్తున్న తిండి అక్కడ ఆగిపోయింది. వేపచెట్టుకి చుట్టూ బెరడు చెక్కేస్తే కొన్నాళ్లకి ఎండిపోవడం మీరూ చూసుంటారు. నీళ్లు అందక కాదు, ముందు వేళ్లకి తిండి అందక.

1930లో జర్మనీలో ఎర్నెస్ట్ మ్యూంష్ దీనికి లెక్క చెప్పాడు. ఆకు దగ్గర గొట్టంలోకి చక్కెర ఎక్కిస్తారు. చక్కెర ఉన్నచోటికి నీరు వస్తుంది. పీడనం పెరుగుతుంది. చక్కెర వాడుకునే చోట పీడనం తక్కువ. అందుకని రసం అటు పారుతుంది. రుజువు కావాలా? పత్తి మీద పేనుబంక పట్టిన ఆకు జిగురుగా ఉంటుంది కదా. ఆ పురుగు సూది లాంటి నోటిని ఈ గొట్టంలో గుచ్చుతుంది, లోపలి పీడనమే రసాన్ని నోట్లోకి తోస్తుంది. ఎక్కువైన చక్కెర వెనక నుంచి కారుతుంది. 1953లో కేంబ్రిడ్జ్‌లో పురుగుని తీసేసి నోటి గొట్టం మాత్రం ఉంచితే, దాని కొస నుంచి రసం కారుతూనే ఉంది.

అంతెందుకు, మా ఊళ్లో మోకు, ముస్తాదు వేసుకుని తాడెక్కే తాత రోజూ చేసింది ఇదే. గెల కొసన సన్నటి పొర కోసి లొట్టి కట్టేవాడు. రోజూ ఎందుకు కోస్తావు తాతా అంటే, "కోయకపోతే చెట్టు నోరు మూసుకుంటది బిడ్డా" అనేవాడు. నిజమే. గాయమైన చోట ఈ గొట్టాలు పూడుకుపోతాయి. పూడుకునే తెలివి ఎందుకుందంటే ఇవి బతికున్న కణాలు. నీళ్లు మోసేవి చచ్చిన గొట్టాలు, తీపి మోసేవి బతికున్నవి. లొట్టిలో పడేది ఈ బతికున్న దారిలోదే.

ఇప్పుడు మళ్లీ బోస్ గారి దగ్గరికి. ఆయన మొక్కల్లో విద్యుత్ సంకేతాలు నడుస్తాయన్నారు. అది నిజమని ఇవాళ అందరూ ఒప్పుకుంటున్నారు. ఒక ఆకుకి గాయమైతే ఇంకో ఆకుకి కబురు అలాగే వెళ్తుంది. వేళ్ల తోపు కూడా ఉంది. తెల్లారి వరి ఆకుల కొసన నిలబడే బొట్లు చాలావరకు అదే. కానీ నిండు ఎండలో చెట్టుకి నీళ్లెక్కించే గుండె మాత్రం లేదు. ఆ ఒక్క మాటలో ఆయన పొరబడ్డారు.

ఇలా చెప్తే కొంతమందికి కోపం వస్తుందని తెలుసు. తెల్లవాళ్లు తక్కువ చేసిన మనిషిని మనమే తక్కువ చేయడమా అంటారు. నేను కూడా అలాగే భయపడ్డాను. కానీ ఆలోచించండి. ఆయన జీవితమంతా కొలిచి చూపించడానికే పోరాడారు, "మీరు తక్కువ అనుకోవడం కాదు, నా లెక్క చూడండి" అని. అలాంటాయన్ని లెక్క చూడకుండా పొగడటం ఆయనకి గౌరవం కాదు. నేను చేసింది అదే. ఆయన పేరు వాడుకున్నాను, ఆయన పద్ధతి వాడలేదు.

పాత ఎపిసోడ్ తీసేయలేదు. దాని మొదట్లో తప్పు ఎక్కడుందో చెప్పే ఒక నిమిషం కలిపాను. మా కోడలికి చూపిస్తే, "ఇప్పుడు ఓకే" అంది.

వెళ్లే ముందు మీకొక పని. రెండు తెల్ల చామంతులు, రెండు గ్లాసుల్లో ఒకే ఇంకు నీళ్లు. ఒక పువ్వుని ఫ్యాను గాలిలో పెట్టండి. ఇంకోదానికి పైన ప్లాస్టిక్ కవరు గాలి ఆడకుండా కట్టండి. ఏది ముందు నీలమవుతుందో ఫోన్‌లో టైమ్ పెట్టి ఫొటోలు తీయండి. నేను ఏమవుతుందో చెప్పగలను, చెప్పను. నా మాట నమ్మకండి, చూడండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్కారం.